జామాయిల్ చెట్టుతో పాతికేళ్ళ కెరీర్

పద్నాలుగేళ్ళకే బడి మానేశారు. ముప్పై ఏళ్ళు వచ్చినా పటాలు కట్టే పని వదల్లేదు. అప్పటికే తరాల తరబడి అందరూ గీసేసిన చెట్టునే తన సబ్జెక్టుగా పెట్టుకున్నారు. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్ ఆయన ఒక్కడి కోసం ప్రదర్శన పెట్టింది. ఆస్ట్రేలియా చిత్రకారుడు, ప్రింట్‌మేకర్ ఫ్రెడ్ విలియమ్స్ కథ ఇది.

ఇప్పుడు ఏ ఇద్దరు ఇంజినీరింగ్ కుర్రాళ్ళు కలిసినా మాట అక్కడికే వస్తుంది: 'నెక్స్ట్ ఏం నేర్చుకుంటున్నావ్?' నిన్న నేర్చుకున్న టూల్ ఇవాళ పాతబడిపోతోంది. ఒక కోర్సు సగంలో ఉండగానే ఇంకో కోర్సు ప్రకటన ఫోన్‌లోకి వస్తోంది. ఇంత హడావుడిలో ఎప్పుడో 1982లో చనిపోయిన ఒక పెయింటర్ గురించి చదవడం ఎందుకు అనిపించొచ్చు. కానీ మనల్ని తొలిచే మూడు ప్రశ్నలు ఆయన్నీ తొలిచాయి. బతకడానికి చేసే పనికీ, ఇష్టపడి చేసే పనికీ ఎలా పొత్తు కుదర్చాలి? చేతిలో రెండు స్కిల్స్ ఉంటే ఒకటి వదిలేయాలా? అందరూ చేసేసిన పనిలో మనం కొత్తగా చేసేది ఏముంటుంది? ఈ మూడింటికీ ఆయన పుస్తకం రాసి జవాబు చెప్పలేదు. చేసి చూపించారు.

బడి మానేసి అప్రెంటిస్‌గా..

ఫ్రెడ్ విలియమ్స్ 1927 జనవరి 23న మెల్‌బోర్న్ నగరంలోని రిచ్‌మండ్‌లో పుట్టారు. తండ్రి ఎలక్ట్రికల్ ఇంజినీర్. ఫ్రెడ్ మాత్రం పద్నాలుగో ఏట చదువు ఆపేసి పనిలో చేరారు. షాపులకు అల్మరాలు, కౌంటర్లు బిగించే, పెట్టెలు తయారుచేసే ఒక కంపెనీలో అప్రెంటిస్. కొలత తీయడం, కోయడం, అతకడం.. చేతికి లెక్క అలవాటైంది అక్కడే.

1943లో, అంటే పదహారో ఏట, మెల్‌బోర్న్‌లోని నేషనల్ గ్యాలరీ స్కూల్లో చేరారు. మొదట పార్ట్‌టైమ్, 1945 నుంచి ఫుల్‌టైమ్. అది పాతకాలపు పద్ధతుల్లో నడిచే స్కూలు. ఎదురుగా ఉన్న మనిషిని ఉన్నట్టు గీయడం రాకపోతే ముందుకు వెళ్ళనివ్వరు. ఆ తర్వాతి ఏడాది నుంచి జార్జ్ బెల్ అనే మరో గురువు దగ్గర కూడా పాఠాలు మొదలుపెట్టి, 1950 దాకా నేర్చుకున్నారు. బెల్ ఆధునిక చిత్రకళ వైపు మొగ్గినవాడు. బొమ్మకు పోలిక ఎంత ముఖ్యమో, దాని నిర్మాణం అంతకన్నా ముఖ్యమని నమ్మినవాడు. ఒక చోట చేతికి క్రమశిక్షణ, ఇంకో చోట కంటికి కొత్త చూపు. రెండు బడుల్లో ఏది గొప్పదన్న గొడవలోకి దిగకుండా రెండింటి నుంచీ తీసుకున్నారు.

లండన్‌లో పగలు ఫ్రేములు, రాత్రి స్కెచ్‌లు

1950ల మొదట్లో విలియమ్స్ ఓడెక్కి లండన్ వెళ్ళారు. చెల్సీ స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో పార్ట్‌టైమ్ విద్యార్థి. తిండికీ గది అద్దెకూ మరి? సౌత్ కెన్సింగ్టన్‌లో సావేజ్ అనే పటాలు కట్టే షాపులో పనికి కుదిరారు. అప్రెంటిస్‌గా నేర్చుకున్న చెక్కపని ఇక్కడ అన్నం పెట్టింది.

ఈ ఉద్యోగం గురించి కాస్త ఆగి ఆలోచించాలి. ఆయన ఎంచుకున్నది కళతో సంబంధం లేని పని కాదు, అలాగని మెదడంతా పిండేసే పనీ కాదు. బొమ్మలు రోజూ చేతుల మీదుగా వెళ్తుంటాయి. ఏ బొమ్మకు ఎంత అంచు వదలాలి, చట్రం ఎంత వెడల్పు ఉంటే లోపలి బొమ్మ ఊపిరి పీల్చుకుంటుంది అన్నది కళ్ళకు అలవాటవుతుంది. సాయంత్రానికి చేతులు అలసిపోతాయేమో గానీ గీయాలన్న కోరిక మిగిలే ఉంటుంది. సైడ్ ప్రాజెక్ట్ కోసం రాత్రి పదింటికి ల్యాప్‌టాప్ తెరిచేవాళ్ళకు ఈ తేడా ఎంత పెద్దదో తెలుసు.

1954లో ఆయన సెంట్రల్ స్కూల్ ఆఫ్ ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్‌లో ఎచింగ్ కోర్సు చేశారు. అప్పటి లండన్‌లో మ్యూజిక్ హాల్స్ అని ఉండేవి. పాటలు, జోకులు, గారడీలు, సర్కస్ విన్యాసాలు అన్నీ ఒకే టికెట్ మీద చూపించే వేదికలు. టీవీ రాకతో అవి ఒక్కొక్కటే మూతపడుతున్న రోజులవి. విలియమ్స్ అక్కడ కూర్చుని గాయకులను, విన్యాసాలు చేసేవాళ్ళను గబగబా గీసుకునేవారు. ఆ స్కెచ్‌లనే తర్వాత రాగి రేకుల మీదికి ఎక్కించారు. ఆయన తొలి మంచి ప్రింట్లు ఈ మ్యూజిక్ హాల్ బొమ్మలే. తర్వాత ప్రకృతి దృశ్యాలకు పేరుపడ్డ మనిషి మనుషులను గీస్తూనే ప్రింట్‌మేకింగ్ నేర్చుకున్నారన్నమాట.

ఈసీఈ ల్యాబ్‌లో చూసిందే ఇది

ఎచింగ్ అంటే ఏమిటో ఈసీఈ చదివినవాళ్ళకు చెప్పడం తేలిక. ల్యాబ్‌లో పీసీబీ తయారుచేసేటప్పుడు రాగి పూత ఉన్న బోర్డు మీద సర్క్యూట్ గీతలను ఒక రక్షణ పూతతో కప్పి ఫెర్రిక్ క్లోరైడ్‌లో ముంచుతాం కదా. పూత లేని చోట రాగి కరిగిపోతుంది, కప్పిన చోట మిగులుతుంది. కళాకారులు అదే రసాయన శాస్త్రాన్ని కొన్ని వందల ఏళ్ళుగా వాడుతున్నారు. కాకపోతే లెక్క తిరగబడుతుంది.

నున్నటి రాగి రేకు మొత్తానికీ మైనం లాంటి పూత పూస్తారు. సూదితో ఆ పూత మీద గీస్తారు. గీసిన చోట పూత లేచిపోయి రాగి బయటపడుతుంది. రేకును యాసిడ్‌లో ఉంచితే ఆ గీతలు గాడులుగా తింటుంది. ఎంతసేపు ఉంచితే గాడి అంత లోతు, అచ్చులో గీత అంత నలుపు. పూత తుడిచేసి, గాడుల్లోకి ఇంకు కూరి, పైన ఉన్న ఇంకు తుడిచేసి, తడిపిన కాగితం పరిచి ప్రెస్‌లో పెట్టి గట్టిగా నొక్కితే గాడుల్లోని ఇంకు కాగితం మీదికి వస్తుంది. అదీ కుడి ఎడమలు తారుమారై, అద్దంలో చూసినట్టు వస్తుంది.

గీతలు మాత్రమే చాలవనుకుంటే అక్వాటింట్ అనే పద్ధతి ఉంది. గుగ్గిలం లాంటి బంక పొడిని రేకు మీద చల్లి వేడి చేస్తారు. పలుకుల మధ్య ఖాళీల్ని యాసిడ్ తింటే, అచ్చులో నీడ పరిచినట్టు బూడిద రంగు వస్తుంది. యాసిడ్ లేకుండా సూదితో నేరుగా రాగిని గీకితే డ్రైపాయింట్. విలియమ్స్ ఒకే రేకు మీద ఈ పద్ధతులను కలిపి వాడేవారు.

తెలుగువాళ్ళకు ఈ కళ మరీ కొత్తదేమీ కాదు. మన మెదక్ ప్రాంతపు నిజాంపూర్ నుంచి వచ్చిన కె.లక్ష్మా గౌడ్ దేశమంతా పేరు తెచ్చుకున్నది ఎక్కువగా ఎచింగ్‌లతోనే.

వెర్షన్ కంట్రోల్, రాగి రేకు మీద

ప్రింట్‌మేకింగ్‌లో 'స్టేట్' అనే మాట ఒకటుంది. రేకు మీద కొంత పనిచేసి ఒక అచ్చు తీస్తే అది మొదటి స్టేట్. చూసి, నచ్చక, మళ్ళీ గీసి, మళ్ళీ యాసిడ్‌లో పెట్టి ఇంకో అచ్చు తీస్తే రెండో స్టేట్. 17వ శతాబ్దపు రెంబ్రాంట్ 'మూడు శిలువలు' ప్లేటును నాలుగో స్టేట్‌కు వచ్చేసరికి ఎంతగా మార్చేశారంటే, అది వేరే బొమ్మేమో అనిపిస్తుంది.

కోడ్ రాసేవాళ్ళకు ఇది వినగానే గిట్ గుర్తొస్తుంది. ఒక్క తేడా. గిట్‌లో పాత కమిట్‌కు వెనక్కి వెళ్ళొచ్చు. రాగి రేకుకు ఆ సౌకర్యం లేదు. యాసిడ్ తిన్నది తిన్నదే. గీకుడు కత్తితో గీకి, నునుపు చేసే పనిముట్టుతో రుద్దితే కొంతవరకు చెరపొచ్చు గానీ, అది గంటల కొద్దీ చాకిరీ. అందుకే ప్రతి స్టేట్‌కూ తీసిన అచ్చు జాగ్రత్తగా దాచుకోవాలి. రేకు ఎటు నుంచి ఎటు వచ్చిందో చెప్పే హిస్టరీ ఆ కాగితాల్లోనే ఉంటుంది.

విలియమ్స్ ఈ పద్ధతికి పూర్తిగా అలవాటుపడ్డారు. ఒక ప్లేటును మళ్ళీ మళ్ళీ మార్చేవారు. పక్కన పెట్టేసిన పాత రేకులను కొన్నేళ్ళ తర్వాత బయటికి తీసి పని కొనసాగించేవారు. అదే అలవాటు పెయింటింగ్‌లోకీ వచ్చింది. ఒక దృశ్యాన్ని ముందు బయట కూర్చుని కాగితం మీద వేయడం, దాన్ని ఎచింగ్‌గా చెక్కడం, ఎచింగ్‌లో తేలిన సంగతిని ఆయిల్ పెయింటింగ్‌లో పెట్టడం, పెయింటింగ్ చూసి మళ్ళీ కొత్త ప్లేటు మొదలుపెట్టడం. చాలామంది పెయింటర్లు ముందు బొమ్మ వేసి, అమ్మకానికి పనికొస్తుందని దాని ప్రింట్ తీస్తారు. ఆయన దగ్గర రెండూ సమానం. ఎటు నుంచి ఎటైనా దారి ఉంది.

ఇందులో ఒక కిటుకుంది. నలుపు తెలుపు ఎచింగ్‌లో రంగుల సాయం ఉండదు. గీత, చుక్క, ఖాళీ.. ఈ మూడింటితోనే బొమ్మ నిలబడాలి. నిలబడకపోతే లోపం వెంటనే కనిపిస్తుంది. అచ్చు అద్దంలోలా తిరగబడి వస్తుంది కాబట్టి మన బొమ్మే మనకు కొత్తగా కనిపిస్తుంది. సొంత కోడ్‌ను ఇంకొకరు రాసినట్టుగా చదవగలిగితే ఎన్ని బగ్స్ దొరుకుతాయో ఊహించుకోండి!

అందరూ వదిలేసిన చెట్టు

1956లో మెల్‌బోర్న్‌లో ఒలింపిక్స్ జరిగాయి. ఆ సందర్భంగా ఇంటివాళ్ళు చవకగా దొరికిన ఓడ టికెట్ పంపితే విలియమ్స్ తిరిగొచ్చారు. వయసు ఇరవై తొమ్మిది. లండన్‌లో నేర్చుకున్న పని చేతిలో ఉంది, పేరు మాత్రం ఇంకా రాలేదు. ఇప్పుడు ఏం గీయాలి?

ఆయన కళ్ళ ముందు నిలిచింది గమ్ ట్రీ. అంటే యూకలిప్టస్. మన ఖమ్మం, ప్రకాశం వైపు పేపర్ మిల్లుల కోసం పెంచే జామాయిల్ తోటలకు పుట్టిల్లు ఆస్ట్రేలియానే. అక్కడ ఈ జాతిలో వందల రకాలున్నాయి. అడవంటే ముప్పాతిక వంతు ఇదే.

చిక్కేమిటంటే, ఆస్ట్రేలియాలో అప్పటికి ఇంతకన్నా పాతబడిన సబ్జెక్టు లేదు. 19వ శతాబ్దం చివర్లో టామ్ రాబర్ట్స్, ఆర్థర్ స్ట్రీటన్‌లు ఎండలో మెరిసే గమ్ చెట్లను గీశారు. ఆ తర్వాత హాన్స్ హైసెన్ వాటి కాండాలను గొప్పగా చిత్రించారు. వాళ్ళను అనుకరించినవాళ్ళకు లెక్కే లేదు. ఆధునికులు ఆ దారి వదిలేశారు. సిడ్నీ నోలన్ బందిపోటు నెడ్ కెల్లీ కథను బొమ్మల్లో చెప్పి పేరు తెచ్చుకున్నారు. 1959లో మెల్‌బోర్న్‌లో ఏడుగురు చిత్రకారులు 'యాంటిపోడియన్స్' పేరుతో, ప్రకటన పత్రంతో సహా ఒక ప్రదర్శన పెట్టారు. బొమ్మలో మనిషి రూపం, కథ ఉండాలన్నది వాళ్ళ వాదన. విలియమ్స్ ఆ ఏడుగురిలో లేరు. ఇటు కథ చెప్పేవాళ్ళ గుంపులోనూ లేరు, అటు పూర్తిగా అమూర్త చిత్రాలు వేసేవాళ్ళలోనూ లేరు. ఊళ్ళో జరిగే పెద్ద చర్చ పక్క నుంచి వెళ్ళిపోతుంటే తన చెట్ల దగ్గర తాను ఉండిపోయారు.

కొత్తదనం ఎక్కడ దొరికింది?

పాతవాళ్ళు ఒక చెట్టును ఎంచుకుని దాన్ని హీరోను చేశారు. విలియమ్స్ గమనించింది వేరు. ఆస్ట్రేలియా పొదల అడవిలో హీరో ఉండదు. ఎటు చూసినా ఒకేలా ఉంటుంది. కన్ను ఆగడానికి ఒక చోటంటూ దొరకదు. యూరప్ చిత్రకళ నేర్పిన సూత్రాలు, అంటే ముందు భాగంలో ఒక రాయి, మధ్యలో ఒక ఏరు, దూరాన నీలి కొండ, ఇక్కడ పనిచేయవు. మిగతావాళ్ళకు ఇది విసుగు పుట్టించే విషయం. ఆయనకు అదే అసలు సమస్య అయి కూర్చుంది. హీరో లేని చోటును బొమ్మగా ఎలా నిలబెట్టాలి?

1960ల మొదట్లో సన్నటి మొక్కల అడవిని గీసినప్పుడు బొమ్మంతా నిలువు గీతలే. ఆ తర్వాత ఆయనకు యూ యాంగ్స్ దొరికాయి. మెల్‌బోర్న్ నుంచి జిలాంగ్ వెళ్తుంటే హైవేకు కుడివైపు, చదునైన మైదానం మధ్యలో ఉన్నట్టుండి లేచి కనిపించే గ్రానైట్ గుట్టలవి. ఆ పేరు అక్కడి మూలవాసుల భాష నుంచి వచ్చింది. ఇప్పుడు టార్నీట్, వెరిబీ, పాయింట్ కుక్ వైపు ఇళ్ళు కొనుక్కున్న తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వారాంతాల్లో పిల్లలతో వాళ్ళు ఎక్కే గుట్టలు ఇవే.

పైకెక్కి కిందికి చూస్తే మైదానం మ్యాప్‌లా పరుచుకుని ఉంటుంది. చెట్లు చుక్కలు, కంచెలు గీతలు. విలియమ్స్ ఆ చూపునే పట్టుకున్నారు. బొమ్మలో ఆకాశం తీసేశారు. నేలను నిలబెట్టిన గోడలా పరిచారు. దాని మీద అక్కడక్కడా దట్టమైన రంగు ముద్దలు. ఒక్కో ముద్ద ఒక పొద, ఒక మొద్దు, ఒక రాయి. 1963లో వేసిన 'యూ యాంగ్స్ పాండ్' లాంటి బొమ్మల ముందు నిలబడితే మొదట చెల్లాచెదురుగా పడ్డ చుక్కలు కనిపిస్తాయి. కాసేపటికి అది ఎండిన గడ్డి నేల అవుతుంది. డ్రోన్ ఫొటోలకు అలవాటుపడిన మన కళ్ళకు ఈ చూపు మామూలే. ఆయన దీన్ని అరవై ఏళ్ళ కిందట కాలినడకన ఎక్కి పట్టుకున్నారు.

ఆ చుక్కలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలియాలంటే అదే కాలపు ఎచింగ్‌లు పక్కన పెట్టి చూడాలి. అక్వాటింట్‌తో పరిచిన ఖాళీ బూడిద నేల, దాని మీద సూది పొడిచిన చిన్న చిన్న గుర్తులు. రాగి రేకు మీద నేర్చుకున్న పొదుపే కాన్వాస్ మీద రంగు ముద్దగా మారింది. ప్రింట్‌మేకింగ్ వదిలేసి 'పూర్తిస్థాయి పెయింటర్' అయిపోయి ఉంటే ఈ బొమ్మలు ఇలా వచ్చేవి కావు.

డబ్బు సంగతి

ఇలాంటి కథల్లో మనవాళ్ళు దాటేసే భాగం ఇదే. విలియమ్స్ తిరిగొచ్చాక 1957లో మెల్‌బోర్న్‌లోని ఆస్ట్రేలియన్ గ్యాలరీస్‌లో తొలి సోలో ప్రదర్శన పెట్టారు. దాంతో జీవితం ఏమీ మారిపోలేదు. ఆ తర్వాత కూడా కొన్నేళ్ళు పటాలు కట్టే పని చేస్తూనే ఉన్నారు. 1961లో లిన్‌తో పెళ్ళయింది. తర్వాత ముగ్గురు కూతుళ్ళు.

నిలదొక్కుకోవడానికి సాయపడినవాటిలో సిడ్నీ గ్యాలరీ యజమాని రూడీ కోమన్ ఒకరు. చెకొస్లొవాకియా నుంచి వలస వచ్చిన కోమన్ తను నమ్మిన కళాకారులకు బొమ్మలు అమ్ముడైనా కాకపోయినా క్రమం తప్పకుండా కొంత సొమ్ము ముట్టజెప్పే అలవాటున్న మనిషి. 1963లో హెలెనా రూబిన్‌స్టీన్ ట్రావెలింగ్ స్కాలర్‌షిప్ వచ్చింది. దాంతో మరుసటి ఏడాది భార్యతో కలిసి యూరప్ తిరిగొచ్చారు. 1966లో 'అప్‌వే ల్యాండ్‌స్కేప్'కు ఆస్ట్రేలియాలో ప్రకృతి చిత్రాలకు ఇచ్చే పేరున్న బహుమతి, వైన్ ప్రైజ్ దక్కింది. 1976లో 'మౌంట్ కోసియుస్కో'కు అదే బహుమతి రెండోసారి.

లెక్క చూడండి. బొమ్మల బడిలో చేరింది పదహారో ఏట. వైన్ ప్రైజ్ వచ్చింది ముప్పై తొమ్మిదో ఏట. మధ్యలో ఇరవై మూడేళ్ళు. పట్టుదల ఒక్కటే ఇన్నేళ్ళు మోయదు. ఇంటివాళ్ళు పంపిన ఓడ టికెట్, నెల గడిపే చెక్కపని, నమ్మిన గ్యాలరీ, సమయానికి వచ్చిన స్కాలర్‌షిప్.. ఇవన్నీ తలో చెయ్యి వేశాయి. 'నమ్ముకో, సాధిస్తావ్' అని చెప్పే వీడియోల్లో ఈ లిస్టు ఉండదు.

ఇంటి దాకా వచ్చిన మంటలు

1963 నుంచి కుటుంబం మెల్‌బోర్న్‌కు తూర్పున డాండెనాంగ్ కొండల అంచున ఉన్న అప్‌వేలో ఉంది. ఇంటి చుట్టూ చెట్లే. అక్కడి కొండవాలును ఆయన బొమ్మలో పైదాకా ఎక్కించి, చివర ఆకాశానికి ఒక సన్నటి పట్టీ మాత్రం వదిలారు. అప్‌వే బొమ్మలన్నిటినీ గుర్తుపట్టేది ఆ అంచుతోనే.

1968 వేసవిలో డాండెనాంగ్ ప్రాంతంలో కార్చిచ్చు రేగింది. మంటలు ఆయన ఇంటి దాపుకు వచ్చాయి. గమ్ చెట్టు ఆకుల్లో నూనె ఉంటుంది, అంటుకుంటే ఆగదు. అయితే ఆ చెట్టుకే ఇంకో గుణం కూడా ఉంది. కాండం నల్లగా కాలిపోయినా బెరడు కింద దాగిన మొగ్గల నుంచి కొద్ది వారాల్లోనే మళ్ళీ చిగురు పుడుతుంది. విలియమ్స్ ముందు మంటను గీశారు, తర్వాత బూడిద నేలను, ఆ తర్వాత కాలిన చోట లేచిన ఫెర్న్ మొక్కలను. ఎన్నో ఏళ్ళుగా గీస్తున్న చోటే ఒక్క రోజులో కొత్త సబ్జెక్టు అయింది. ఆ నేలను ముందే అంత దగ్గరగా చూసి ఉండబట్టే ఏది మారిందో ఆయనకు వెంటనే కనిపించింది.

ఒకే చోట ఉండిపోలేదు

ఒకే విషయం పట్టుకోవడమంటే ఒకే బొమ్మను తిరిగి వేయడం అనుకుంటే పొరపాటు. 1969లో మెల్‌బోర్న్‌లోని హాథార్న్‌కు మారాక విలియమ్స్ పద్ధతి మార్చారు. స్టూడియోలో కూర్చుని పూర్తిచేసే బదులు ఆరుబయటే ఎక్కువగా పెయింట్ చేయడం మొదలుపెట్టారు. గోధుమ, బూడిద రంగుల్లోకి ఎరుపు, పసుపు, నీలం వచ్చాయి. గువాష్ అనే నీటిలో కలిసే దట్టమైన రంగులతో ఒక కొత్త ప్రయోగం చేశారు. ఒకే కాగితాన్ని అడ్డంగా నాలుగైదు పట్టీలుగా విడదీసి, ఒక్కో పట్టీలో అదే చోటును వేరే వేళలో, వేరే కోణంలో వేయడం. 1971లో క్వీన్స్‌క్లిఫ్ సముద్రతీరాన్ని అలాగే వేశారు. మన భాషలో చెప్పాలంటే ఒకే ఫ్రేమ్‌లో టైమ్‌ల్యాప్స్.

తర్వాత లాల్ లాల్ జలపాతం, వెరిబీ లోయ. లోయను, నీటిని అంతకుముందు పెద్దగా ముట్టుకోని మనిషి వాటి మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. 1963 నుంచి డైరీ రాసే అలవాటు కూడా వదల్లేదు. ఏ బొమ్మ ఎంతవరకు వచ్చింది, ఏది తేలడం లేదు అన్న లెక్క చివరి వరకు రాసుకున్నారు.

1977లో న్యూయార్క్‌లో 'ఫ్రెడ్ విలియమ్స్: ల్యాండ్‌స్కేప్స్ ఆఫ్ ఎ కాంటినెంట్' ప్రదర్శన జరిగింది. మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్‌లో సోలో ప్రదర్శన దక్కిన తొలి ఆస్ట్రేలియా కళాకారుడు ఆయనే. మెల్‌బోర్న్ చుట్టుపక్కల గుట్టలు, వాగులు చూస్తూ గడిపిన మనిషి బొమ్మల్ని అంత దూరాన జనం నిలబడి చూశారు.

పిల్బరా, ఒక చేదు ప్రశ్న

1979లో గనుల కంపెనీ సీఆర్‌ఏ చైర్మన్ రాడ్ కార్నెగీ ఆహ్వానం మీద విలియమ్స్ దేశానికి ఆ చివర ఉన్న పిల్బరా వెళ్ళారు. ఇనుప ఖనిజంతో ఎర్రబారిన నేల. ఆయన రంగులు అక్కడ భగ్గుమన్నాయి. అక్కడ వేసిన గువాష్‌లు చూసుకుంటూ 1981లో ఆయిల్ పెయింటింగ్‌లు పూర్తిచేశారు. ఆయన చివరి పెద్ద పని అదే. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో 1982 ఏప్రిల్ 22న, యాభై అయిదో ఏట చనిపోయారు. సీఆర్‌ఏ తర్వాత రియో టింటోలో భాగమైంది. ఆ సంస్థ 2001లో పిల్బరా బొమ్మలను మెల్‌బోర్న్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ విక్టోరియాకు ఇచ్చేసింది.

అదే రియో టింటో 2020 మేలో పిల్బరాలోనే గని విస్తరణ కోసం జూకన్ గోర్జ్‌ను పేల్చేసింది. 46 వేల ఏళ్ళ మానవ చరిత్ర ఉన్న మూలవాసుల రాతి గుహలు అందులో పోయాయి. అప్పటికి విలియమ్స్ చనిపోయి దాదాపు నలభై ఏళ్ళు. ఆ తప్పు ఆయన మీద వేయలేం. అయినా ఆ ఎర్రటి బొమ్మల ముందు ఇప్పుడు నిలబడేవాళ్ళకు ఇది గుర్తు రాకుండా పోదు. ఆయన బొమ్మల్లో నేల ఎప్పుడూ ఖాళీగా కనిపిస్తుంది. నిజానికి అది ఎన్నడూ ఖాళీ నేల కాదు. మనకు దారి ఖర్చులు పెట్టేవాళ్ళు ఎవరు, వాళ్ళు చూపించే నేల ఎవరిది అన్న ప్రశ్న కళాకారుడికే కాదు, స్పాన్సర్‌షిప్ తీసుకునే ఏ స్టార్టప్‌కైనా, ఏ క్రియేటర్‌కైనా ఎదురయ్యేదే.

మనం తీసుకోగలిగింది

మొదట్లో అనుకున్న మూడు ప్రశ్నలకు వద్దాం.

బతుకుతెరువు: ఇష్టమైన పనికి పక్కింట్లో ఉండే ఉద్యోగం దొరికితే వదలొద్దు. జీతం తక్కువైనా, సాయంత్రానికి మీలో కొంత మిగలాలి. ఎన్నాళ్ళు అలా నడపగలరో ఇంటివాళ్ళతో ముందే మాట్లాడుకోండి.

రెండు స్కిల్స్: ఒకదాన్ని వదిలేసే ముందు రెండోదానికి అది ఏం నేర్పుతోందో చూడండి. డేటా తెలిసిన డిజైనర్, పాట తెలిసిన ఆడియో ఇంజినీర్, వ్యవసాయం తెలిసిన కోడర్.. వీళ్ళ బలం ఆ కలయికలోనే ఉంటుంది. రెండూ ఒకే సమస్య మీద పనిచేయాలన్నదే షరతు.

పాత సబ్జెక్టు: అందరూ చేసేశారన్న మాట నిజమే కావచ్చు. వాళ్ళు దేన్ని చూడకుండా దాటేశారో కనిపెట్టండి. గమ్ చెట్టును అందరూ చూశారు. చెట్లన్నీ ఒకేలా ఉన్నాయన్న విసుగును మాత్రం ఎవరూ సబ్జెక్టుగా తీసుకోలేదు.

ప్రింట్‌మేకింగ్ మీద ఆసక్తి పుడితే దారి దగ్గరలోనే ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోని సరోజినీ నాయుడు స్కూల్లో దీన్ని పీజీ స్థాయిలో నేర్పుతారు. బరోడా ఎంఎస్ యూనివర్సిటీ, శాంతినికేతన్ కళాభవన్‌లలో ప్రత్యేక విభాగాలున్నాయి. మెల్‌బోర్న్‌లో చదువుకుంటున్నవాళ్ళయితే ఫెడరేషన్ స్క్వేర్‌లోని ఇయాన్ పాటర్ సెంటర్‌కు వెళ్ళండి. నేషనల్ గ్యాలరీ ఆఫ్ విక్టోరియా ఆస్ట్రేలియా కళకు కేటాయించిన భవనం అది. శాశ్వత సేకరణ చూడటానికి టికెట్ అక్కర్లేదు. విలియమ్స్ బొమ్మ కనిపిస్తే ఒక్క నిమిషంలో ముందుకు వెళ్ళిపోకండి. ఆ చుక్కలు నేలగా మారడానికి కాస్త టైమ్ పడుతుంది.